ఆరని అల్మారా

మూడేళ్ల కిందట మా స్నానాలగదిలో వాష్ బేసిన్ కింద చేయించిన క్యాబినెట్‌ను మొన్న వానాకాలంలో విప్పదీయాల్సి వచ్చింది. ముందు నుంచి చూస్తే అది ఇంకా కొత్తదే. తెల్ల మైకా మెరుపు తగ్గలేదు, పిడులు తళతళలాడుతున్నాయి. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవర్ మొనను అడుగు పలక అంచున పెట్టి నొక్కాడు. ఉడికిన చేమదుంపలోకి దిగినట్టు అంగుళం లోపలికి దిగిపోయింది. వెనక పలక ఊడదీసి చూపించాడు. గోడవైపు నల్లటి బూజు. ఒక మూల నుంచి పైకి పాకిన సన్నటి మట్టిగీత, చెదల దారి. “నీళ్లు పడి పాడవలేదు సార్. పడ్డ నీళ్లు ఆరక పాడైంది” అన్నాడు.

ముప్పై ఏళ్లుగా చెక్కను నమ్ముకుని బతుకుతున్న మనిషి మాట అది. స్నానాలగది బాగుచేయించుకునేవాళ్లకు చెప్పాల్సింది చాలావరకు అందులోనే ఉంది. పెరట్లో బావి గిలక రోజూ తడిసేది, రోజూ ఎండేది, తాతల కాలం నుంచి మనవళ్ల దాకా తిరిగేది. జలదారి పక్కన గోడకు ఆనించి మరిచిపోయిన పీట మాత్రం ఏడాది తిరక్కుండానే పుచ్చిపోయేది. నీరు ఎంత తగిలిందన్న దానికంటే ఎంతసేపు నిలిచిందన్నదే చెక్క ఆయుష్షును తేలుస్తుంది. క్యాబినెట్ కోసం దుకాణానికి వెళ్తే అక్కడ రంగులు చూపిస్తారు, తలుపుల డిజైన్లు చూపిస్తారు, చప్పుడు లేకుండా మూసుకునే సొరుగులు చూపిస్తారు. అది తడిస్తే ఎలా ఆరుతుందో మాత్రం మనమూ అడగం, వాళ్లూ చెప్పరు.

అర గ్లాసు నీళ్లు

ముందు గదిలోని గాలి సంగతి. మన అపార్ట్‌మెంట్లలో మామూలు స్నానాలగది 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటుంది. ఫాల్స్ సీలింగ్ దాకా ఎత్తు మరో 8 అడుగులు అనుకుందాం. లోపల పట్టే గాలి సుమారు 9 ఘనపు మీటర్లు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటిఆవిరిని మోయగలదు. తేమ 60 శాతం ఉన్న రోజున అందులో 18 గ్రాములు అప్పటికే ఉంటాయి. ఇంకా పట్టేది 12 గ్రాములు. గది మొత్తానికి లెక్కేస్తే 110 గ్రాములు కూడా కాదు. అంటే అర గ్లాసు నీళ్లు.

ఇప్పుడు నేల చూడండి. ఆ గది నేల 40 చదరపు అడుగులు. స్నానం అయ్యాక దాని మీద మిల్లీమీటరులో పదో వంతు మందాన నీటిపొర మిగిలిందనుకున్నా, అదే 370 గ్రాములు. గోడల మీది చుక్కలు, తడి తువ్వాలు, బకెట్టులో మిగిలిన వేన్నీళ్లు ఇందులో కలపలేదు. గాలికి పట్టేది 110, ఆరాల్సింది 370. తలుపు, కిటికీ మూసి ఉంటే ఆ గది తనంత తానుగా ఎప్పటికీ ఆరదు. లోపలి గాలి బయటికి పోయి కొత్త గాలి రావాలి, అదీ మూడు నాలుగుసార్లకు తక్కువ కాకుండా. నిజానికి పోయే గాలి నిండుగా తడి మోసుకుని పోదు కాబట్టి ఇంకా ఎక్కువసార్లే కావాలి.

గంటకు 100 ఘనపు మీటర్ల గాలిని లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ గదిలోని గాలిని ఆరు నిమిషాల లోపే మార్చేస్తుంది. కాబట్టి స్నానమయ్యాక అరగంట ఫ్యాను తిరగనివ్వడం వృథా కాదు. అయితే బయటికి పోయినంత గాలి లోపలికి రావడానికి దారి ఉండాలి. తలుపు కింద అరంగుళం సందైనా లేకపోతే ఫ్యాను తిరుగుతుందే గానీ గాలి కదలదు. శ్రావణ భాద్రపదాల్లో బయటి గాలిలోనే తేమ 85 శాతం ఉంటుంది. అప్పుడు ఒక్కో ఘనపు మీటరు గాలి నాలుగైదు గ్రాములకు మించి తీసుకుపోలేదు. వేసవిలో గంటలో ఆరే గదికి వానల్లో పూట పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి తేమగానే ఉంటుంది.

ఇదంతా గది సంగతి. క్యాబినెట్ అంటే ఆ గదిలో ఉన్న మరో చిన్న గది. దానికి ఫ్యాను లేదు, కిటికీ లేదు. లోపల బేసిన్ వేస్టు పైపు చల్లగా ఉండి చెమర్చుతుంది, యాంగిల్ కాక్ దగ్గర వారానికో చుక్క కారుతుంది, తడి బ్రష్షు లోపల పెట్టి తలుపు మూసేస్తాం. గది ఆరినా అది ఆరదు.

చెక్క ఎందుకు ఉబ్బుతుంది

చెక్కలో అన్నిటికంటే ఎక్కువగా ఉండేది సెల్యులోజ్. దాని అణువుల నిండా నీటిని దగ్గరకు లాగే ఆక్సిజన్-హైడ్రోజన్ జంటలు ఉంటాయి. గాలిలో తేమ పెరిగితే నీటి అణువులు వచ్చి వాటికి అతుక్కుంటాయి, తగ్గితే వదిలిపోతాయి. కోసి, ఎండబెట్టి, పాలిష్ పట్టినా ఈ గుణం పోదు. గాలిలో తేమ 30 శాతం ఉన్నప్పుడు చెక్కలో నీరు దాని బరువులో 6 శాతం దగ్గర నిలుస్తుంది. తేమ 80కి చేరితే చెక్కలో నీరు 16 శాతం అవుతుంది. 20 శాతం దాటనివ్వకపోతే కుళ్లబెట్టే శిలీంద్రం చెక్క మీద స్థిరపడలేదు. దాటి, అక్కడే ఉండిపోతే ఇక దానిదే రాజ్యం.

నీరు చేరితే చెక్క ఉబ్బుతుంది. అయితే అన్నివైపులా ఒకేలా కాదు. పొడవు దాదాపు మారదు, వెడల్పే మారుతుంది. టేకు చాలా నిలకడగల చెక్క. అయినా దూలాన్ని అడ్డంగా చీల్చి తీసిన 18 అంగుళాల టేకు పలక, ఎండాకాలపు 6 శాతం నుంచి వానాకాలపు 16 శాతం దాకా పూర్తిగా తడి పీల్చితే, లెక్క ప్రకారం 8 మిల్లీమీటర్లకు పైగా వెడల్పు పెరగాలి. పాలిష్ అడ్డుపడుతుంది, వానాకాలం అయిపోతుంది కాబట్టి అంత దాకా రాదు. అందులో సగం వచ్చినా తలుపు బిగుసుకోవడానికి అది చాలు. వానల్లో పడని గడియ ఎండల్లో దానంతటదే పడడం మన ఇళ్లలో అందరూ చూసిందే.

ప్లైవుడ్ ఈ చిక్కుకు మంచి విరుగుడు. పలుచటి చెక్కపొరలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా మార్చి మార్చి అతికిస్తారు. ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టి ఆపుతుంది. ఉబ్బు చాలా తగ్గిపోతుంది. దానికి బదులుగా భారమంతా జిగురు మీద పడుతుంది. అతికిన జిగురు నీటికి వదిలితే పొరలన్నీ పాత పుస్తకంలో కాగితాల్లా విడిపోతాయి.

కాబట్టి ప్లైవుడ్ కొనడమంటే జిగురును కొనడం. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు చవక. తడి, వేడి కలిసి తగిలితే దాని బంధాలు మెల్లగా తెగుతాయి, తెగుతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతాయి. ఆ వాయువు మనుషుల్లో కేన్సర్‌ను కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. కిటికీ లేని చిన్న గదిలో ఇది పట్టించుకోవాల్సిన విషయం. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు ముదురు గోధుమ రంగులో ఉంటుంది. 1907లో లియో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైట్‌కు ఇది దగ్గరి చుట్టం. ఒకసారి గట్టిపడ్డాక మరిగే నీళ్లకు కూడా వదలదు.

వదులుతుందో లేదో నిజంగానే మరిగించి చూస్తారు. మన భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 303 మామూలు వాడకపు ప్లైవుడ్‌కు సంబంధించింది, ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌కు. ఐఎస్ 710 ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించినా పొరలు విడకూడదు. పొరలకు పురుగు, బూజు పట్టకుండా మందు పట్టించడం కూడా ఆ ప్రమాణంలో భాగమే. దుకాణంలో “వాటర్‌ప్రూఫ్ ప్లై” అన్న మాటకు ఏ విలువా లేదు. ప్రతిదీ వాటర్‌ప్రూఫే అంటారు. షీటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర 710 అంకె, లైసెన్సు నంబరు ఉన్నాయేమో చూడాలి. ఆ నంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. కోతకు ముందే చూడాలి. ముక్కలు చేసి మైకా అతికించాక ఏ ప్లై వాడారో దేవుడికి కూడా తెలియదు.

ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల కథ వేరు. చెక్కపీచును, పొట్టును జిగురుతో కలిపి, వేడిమీద గట్టిగా అదిమి పలకలు చేస్తారు. అలా అణిగిన పీచు తనలో ఒత్తిడిని దాచుకుని ఉంటుంది. నీరు తగలగానే జిగురు పట్టు సడలి పీచు తన పాత ఆకారానికి లేస్తుంది. మామూలు చెక్క తడిసి ఉబ్బినా ఆరాక మళ్లీ తగ్గుతుంది. ఎండీఎఫ్ ఉబ్బితే ఆరినా తగ్గదు. అతిరసం పిండిలా పొంగి అలాగే ఉండిపోతుంది. తేమను కొంత తట్టుకునేలా చేసిన హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డులు దీనికంటే నయం. అవి తేమకు ఓర్చుకుంటాయి, నిలవ నీటికి కాదు. అమెరికాలో మన పిల్లల ఇళ్లలో ఎండీఎఫ్ క్యాబినెట్లు ఏళ్ల తరబడి బాగానే ఉంటాయి. అక్కడ స్నానం టబ్బులోనో, అద్దాల గదిలోనో అయిపోతుంది. నేల తడవదు. ఆ నమూనాను ఫొటోలో చూసి ఇక్కడ చేయించుకుంటే రెండు వానాకాలాలు గడవడం కష్టం.

గని నుంచి వచ్చిన పేరు

వడ్రంగులు మైకా అనే ఆ పై షీటుకు ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. మైకా అంటే అభ్రకం, మనం కాకిబంగారం అనే ఖనిజం. నెల్లూరు వైపు గూడూరు అభ్రకం గనులకు పేరు. కరెంటును అడ్డుకునే గుణం ఉండడంతో విద్యుత్ యంత్రాల్లో దాన్ని విరివిగా వాడేవాళ్లు. 1912లో అమెరికాలో హెర్బర్ట్ ఫేబర్, డేనియల్ ఓకానర్ అనే ఇద్దరు ఇంజనీర్లు అభ్రకానికి బదులుగా రెజిన్‌తో ఒక పలక తయారుచేశారు. మైకాకు మారుగా వచ్చింది కాబట్టి దాన్ని ఫార్మికా అన్నారు. విద్యుత్ యంత్రాల కోసం పుట్టిన ఆ పలక తర్వాత బల్లల మీదికి, అల్మారాల మీదికి వచ్చింది. మన దగ్గర సన్‌మైకా అనే పేరు వాడుకలో పడి, చివరికి ఒట్టి మైకాగా మిగిలింది. ఖనిజానికి ప్రత్యామ్నాయంగా వచ్చిన వస్తువు ఆ ఖనిజం పేరే పెట్టుకుని మన ఇళ్లలో ఉంది.

ఈ షీటులో ఉన్నది రెజిన్‌లో నానబెట్టి అదిమిన కాగితం పొరలు. పైన మెలమైన్ పూత. దీని ముఖం మీద నీళ్లు నిలబడినా ఏమీ కాదు. మా క్యాబినెట్ ముందువైపు కొత్తగా ఉండడానికి కారణం అదే. కానీ పలకకు ముఖం ఒక్కటే ఉండదు, అంచులుంటాయి, వీపు ఉంటుంది, రంధ్రాలుంటాయి. చెట్టు వేరు నుంచి చిగురు దాకా నీటిని మోసుకెళ్లిన సన్నటి గొట్టాలు చెక్కలో ఇంకా తెరిచే ఉంటాయి. పలకను అడ్డంగా కోసిన చోట ఆ గొట్టాల నోళ్లు బయటపడతాయి. నీరు పలక ముఖం మీంచి కంటే ఈ కోసిన అంచులోంచి ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్టే.

మా క్యాబినెట్‌లో వేస్టు పైపు కోసం వెనక పలకలో కోసిన రంధ్రం అంచుకు ఏ పూతా లేదు. అడుగు పలక కింది అంచుకూ లేదు. కబ్జాల కోసం తలుపుల్లో తవ్విన 35 మిల్లీమీటర్ల గుంటల్లోనూ లేదు. వీపుకు అసలు మైకాయే లేదు. అటువైపు ఎవరు చూస్తారని వదిలేశారు. నీరు చూసింది. పలకకు ఒకవైపే మైకా ఉంటే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. వీపు తేమ పీల్చి ఉబ్బుతుంది, ముఖం ఉబ్బదు, దాంతో పలక వంకర తిరుగుతుంది. కాబట్టి రెండువైపులా షీటు వేయాలి, లోపలివైపు చవక షీటైనా ఫర్వాలేదు. కోసిన ప్రతి అంచుకూ యంత్రంతో వేడిగా అతికించే ఎడ్జ్ బ్యాండు, చేతికి అందని రంధ్రాలకు రెండు పూతల ఎపాక్సీ, పైపు చుట్టూ సిలికాన్. మొత్తం ఒక పూట పని. మీరు దగ్గరుండి అడిగితే తప్ప ఆ పూట పని ఎవరూ చేయరు. జిగురు విషయంలోనూ డబ్బా మీద నీటిని తట్టుకుంటుందని రాసి ఉన్న రకమే వాడమనండి. మామూలు తెల్ల జిగురు తడికి మళ్లీ మెత్తబడుతుంది.

చెక్క కానివి

చెదలకూ తడికీ విసిగినవాళ్లు ఇప్పుడు పీవీసీ ఫోమ్ బోర్డు వైపు పోతున్నారు. దీన్నే చాలా దుకాణాల్లో డబ్ల్యూపీసీ అని అమ్ముతారు. నిజమైన డబ్ల్యూపీసీలో చెక్కపొడి కలిసి ఉంటుంది, రెండూ ఒకటి కావు. నీరు, చెదలు ఫోమ్ బోర్డును ఏమీ చేయలేవు. దీని బలహీనతలు వేరేచోట ఉన్నాయి. లోపలంతా నురగలాంటి గాలిబుడగలు కాబట్టి స్క్రూ పట్టు తక్కువ. కబ్జా స్క్రూలు రెండుమూడుసార్లు విప్పి బిగిస్తే రంధ్రం వదులైపోతుంది. బరువు ఎక్కువకాలం మోస్తే మెల్లగా కుంగుతుంది. మూడడుగుల అరకు మధ్యలో ఆనిక తప్పదు. 70, 80 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది కాబట్టి గీజరు వేడిపైపుకు ఆనుకుని ఉండకూడదు. బరువు తక్కువ ఉండే గోడ క్యాబినెట్లకు, తలుపులకు ఇది సరైన వస్తువు. బేసిన్‌ను మోసే పెట్టెకు నేను వాడను.

స్టెయిన్‌లెస్ స్టీలు అన్నంతమాత్రాన తుప్పు పట్టదని కాదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన ఈ ఉక్కును కాపాడేది అందులోని క్రోమియం. గాలి తగలగానే అది కంటికి కనిపించని ఆక్సైడు పొరగా మారి ఉక్కును కప్పుతుంది. గీత పడినా పొర మళ్లీ ఏర్పడుతుంది. క్లోరైడు మాత్రం ఆ పొరను సూదితో పొడిచినట్టు పొడుస్తుంది. సముద్రపు గాలిలో ఉండేది అదే. 304 రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు, తుప్పును తట్టుకునే శక్తి తగ్గుతుంది. అయస్కాంతంతో పరీక్ష చేస్తామంటారు గానీ, 202 కూడా అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షతో ఈ రెండూ తేలవు. బిల్లులో 304 అని రాయించుకోవాలి. సముద్రానికి దగ్గరి ఇళ్లకు మాలిబ్డినం కలిసిన 316 ఇంకా మంచిది. తలుపుల ఫ్రేములకైతే పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం తీరంలోనూ, లోపలి ఊళ్లలోనూ పనికొస్తుంది, చవక కూడా.

ఈ సందర్భంలో ఒక విన్నపం. టాయిలెట్ కడిగే యాసిడ్ సీసాను బేసిన్ కింద పెట్టకండి. మూత ఎంత బిగించినా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి సన్నగా వస్తూనే ఉంటుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి కబ్జాల మీద, సొరుగు చానెళ్ల మీద, ఫ్లెక్సిబుల్ పైపు అల్లిక మీద పేరుకుంటుంది. ఏడాదిలో తుప్పు పట్టిన కబ్జాలను చూసి కంపెనీని తిట్టుకుంటాం, పక్కనే ఉన్న సీసాను అనుమానించం. పైపు అల్లిక తెగితే ఇల్లంతా నీళ్లు. ఆ సీసా పక్కన బ్లీచింగ్ పౌడరు పెట్టడం ఇంకా ప్రమాదం. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక కడప బండ. వంటగదిలో అరలకు దశాబ్దాలుగా వాడుతున్నా స్నానాలగదికి వచ్చేసరికి దాన్ని మరిచిపోయాం. నల్లగా, పలకలు పలకలుగా విడివచ్చే సున్నపురాయి ఇది. చెదలు తినవు, నీటికి ఉబ్బదు, బూజుకు దీనిలో తిండి లేదు. అందుకే తడి ఆరకపోయినా చెక్కలా చెడదు. దీనికి ఒకే శత్రువు ఉంది, యాసిడ్. బోరు నీళ్లతో కుళాయిల మీద పేరుకునే తెల్లటి గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. కడప బండలో ఎక్కువ భాగం కూడా అదే. గారను కరిగించే యాసిడ్ బండనూ తింటుంది. బండ మీది గారకు ఉప్పుకాగితమో, గట్టి బ్రష్షో తప్ప మరో దారి లేదు. బేసిన్ పక్కన రోజూ మరకలు పడే పై పలకకు మాత్రం గ్రానైటు మేలు. నిమ్మరసం, గార తొలగించే ద్రావకాలు దాన్ని అంతగా ఏమీ చేయవు.

నేలకు దూరంగా

మన పాత ఇళ్లలో స్నానాలగది పెరట్లో ఉండేది. సగం గోడలు, పైన ఆకాశం. ఓ మూల గాబు, పొయ్యి మీద కాగు. గోడలో సున్నం పూసిన గూడు. అందులో కుంకుడుకాయల గిన్నె, పసుపు కొమ్ము, సున్నిపిండి డబ్బా. తడి సున్నానికి క్షారగుణం ఎక్కువ కాబట్టి ఏటా సున్నం వేసే గూటికి బూజు చేరేది కాదు. చెక్క అన్నది అక్కడ కనిపించేదే కాదు. ఆ గది తెచ్చి అపార్ట్‌మెంటు మధ్యలో, డక్ట్ వైపు తెరుచుకునే జానెడు వెంటిలేటరు పక్కన పెట్టాం. స్నానం తీరు మాత్రం మార్చుకోలేదు. బకెట్టు, చెంబు, వారానికోసారి నేలంతా నీళ్లు కొట్టి చీపురుతో రుద్దడం. మార్చుకోవాల్సిన అవసరమూ లేదు. మారాల్సింది క్యాబినెట్టే.

అందుకే నేలకు ఆనే చెక్క క్యాబినెట్ మన స్నానాలగదికి పనికిరాదని నా అభిప్రాయం. కింద చెక్క పట్టీ ఉన్నది అసలే వద్దు. గోడకు వేలాడే రకమైతే నేల నుంచి కనీసం పది అంగుళాలు వదలాలి. చీపురు లోపలికి పోవాలి, గాలి కింద తిరగాలి. అలా వేలాడదీయడానికి గోడ ఏమిటో తెలియాలి. మూడడుగుల పొడవు, 21 అంగుళాల వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గ్రానైటు పలకే 26 కిలోలు తూగుతుంది. బేసిన్, పెట్టె, లోపలి సామాను కలిపితే 70 కిలోలు అవుతుంది. ఆ బరువు గోడ నుంచి పది అంగుళాల దూరంలో ఉన్నట్టు లెక్క. పెట్టె ఎత్తు 16 అంగుళాలైతే పై బోల్టులను గోడలోంచి పీకే బలం 40 కిలోలు దాటుతుంది. పిల్లవాడు దాని మీద చేతులాన్చి ఎగిరితే ఇంకా పెరుగుతుంది. కాంక్రీటు గోడ, ఎర్ర ఇటుక గోడ దీనికి ఓర్చుకుంటాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో వాడే తేలిక ఏఏసీ దిమ్మెల గోడల్లో మామూలు బోల్టు నిలవదు. వాటికోసం చేసిన పొడుగాటి యాంకర్లో, రసాయన యాంకర్లో వాడాలి. లేదంటే పెట్టె బరువును కిందినుంచి మోసే స్టీలు బ్రాకెట్లు పెట్టించాలి.

వెనక పలక గోడకు అతుక్కుని ఉండకూడదు. ముప్పాతిక అంగుళం సందు వదిలితే అటు గాలి ఆడుతుంది, చెదలదారి వస్తే కనిపిస్తుంది. చెదలు ఎండలో, గాలిలో నడవవు. తడి మట్టితో గుల్ల కట్టుకుని దాని చాటున వస్తాయి. ఆ గుల్ల కంటపడితే సగం పోరాటం గెలిచినట్టే. బేసిన్ కింద ట్రాప్ చేతికి అందేలా ఉండాలి, దాన్ని విప్పడానికి పెట్టెను విప్పే పరిస్థితి రాకూడదు. తలుపులకు లూవర్లు ఉంటే మేలు. చెక్కుడు పని, గాడులు ఉన్న తలుపులు ఫొటోల్లో బాగుంటాయి, మన ఇంట్లో ప్రతి గాడిలో సబ్బు నురగ, దుమ్ము, గార చేరతాయి. నున్నటి తలుపే మంచిది. నల్ల మ్యాట్ రంగు మీద బోరు నీటి చుక్క ఒక్కటి ఎండినా తెల్లగా కనిపిస్తుంది.

అద్దం వెనక కూడా ఇదే సూత్రం. గాజు వీపున ఉన్న వెండి పూతకు రంగు రక్షణ ఉంటుంది, అంచుల్లో ఉండదు. నల్ల మరకలు ఎప్పుడూ అంచుల నుంచే మొదలవడానికి కారణం అదే. అద్దాన్ని గోడకు అంటించేయకుండా చిన్న మేకుల మీద కొద్ది సందుతో నిలబెడితే ఎక్కువకాలం ఉంటుంది. అద్దం వెనక అరలో మందులు పెట్టుకోవడం సినిమాల్లో చూసిన అలవాటు. తేమ చాలా మాత్రలను చెడగొడుతుంది. ఆస్పిరిన్ మాత్ర తడి తగిలితే విడిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. పాత డబ్బా మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చేది అందుకే. మందులు పడగ్గది బీరువాలో ఉండాలి.

నన్నడిగితే, తడి నేల ఉన్న స్నానాలగదికి పెట్టె లేని క్యాబినెట్టే సరైనది. రెండు వైపులా గోడలోకి దింపిన కడప బండ నిలువు పలకలు, మధ్యలో ఒక బండ అర, పైన గ్రానైటు. ముందు అల్యూమినియం ఫ్రేములో లూవర్ తలుపులు. వెనక పలక లేదు, టైల్సే వీపు. అడుగు పలక లేదు, నేలే అడుగు, అది మిగతా నేలతోపాటే కడిగేయొచ్చు. తడిస్తే చెడేది ఇందులో ఏదీ లేదు. మన వంటగదుల్లో మేస్త్రీలు దీన్ని ఎప్పటినుంచో కడుతున్నారు, కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మా ఇంట్లో ఈసారి ఇదే చేయించాం. చెక్క అందం కావాలనుకునేవాళ్లు తలుపుల వరకు ఐఎస్ 710 ప్లై వాడుకోవచ్చు. తలుపు రెండువైపులా గాలి తగిలే చోట ఉంటుంది కాబట్టి త్వరగా ఆరుతుంది, పాడైనా అదొక్కటే మార్చుకోవచ్చు.

పాత క్యాబినెట్ తీసేసిన రోజునే కొత్తది బిగించేయాలని తొందరపడతాం. ఆ గోడను రెండు రోజులు ఖాళీగా వదలండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలుచటి ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు గట్టిగా అంటించండి. మర్నాడు దాని పైముఖం మీద చుక్కలుంటే ఆ తడి గదిలోని గాలిది, ఫ్యాను సరిచూసుకుంటే చాలు. కాగితానికి, గోడకు మధ్య చుక్కలుంటే ఆ తడి గోడలోంచి వస్తోంది. లోపల ఎక్కడో పైపు కారుతోంది, లేదా పక్క గది నీరు ఊరుతోంది. అప్పుడు పిలవాల్సింది ముందు ప్లంబరును. వడ్రంగి తర్వాత.